ఇస్త్రీ గదిలో చలి

మీటరుగారిని ఒక్క మాట అడగడానికి వెళ్ళాను.

ఆయన్ని అసలు పేరుతో ఎవరూ పిలవరు. లాండ్రీలో సూపర్‌వైజరు. ఎవరింటికి వెళ్ళినా ముందు కరెంటు మీటరు ఎక్కడుందో చూస్తాడు, అందుకని ఆ పేరు. మధ్యాహ్నం భోజనమయ్యాక లాండ్రీ ఎదురుగా టీ కొట్టు దగ్గర కూర్చుంటాడని మా అమ్మాయి ఎప్పుడో చెప్పింది.

మా అమ్మాయి ఆ లాండ్రీలోనే ఇస్త్రీ గదిలో పనిచేస్తుంది. హోటళ్ళ నుంచి, ఆస్పత్రుల నుంచి వచ్చే దుప్పట్లు పెద్ద ప్రెస్సు కింద పెట్టి నొక్కడం పని. ఆ గది గోడకి ఆవిరిని బయటికి లాగే ఫ్యాను ఒకటుంది. ఎండలు మొదలైనప్పుడు దాన్ని ఆపేశారు. కరెంటు పొదుపట. నిన్న సాయంత్రం పిల్ల పని మధ్యలో కళ్ళు తిరిగి ప్రెస్సు మీదికి పడింది. చెయ్యి కాలింది. ఇవాళ నాలుగింటికి మళ్ళీ పనికి వెళ్తానంటోంది. వెళ్ళకపోతే రేపు ఆ ప్రెస్సు దగ్గర ఇంకొకరుంటారు.

అది గేటు దాటేలోపు ఆ ఫ్యాను తిరగాలి. నేను వచ్చింది అందుకే.

కొట్టు దగ్గర మీటరుగారు కాక ముగ్గురున్నారు. టీ కాసే ఆయన. పక్కనున్న చెప్పుల షాపాయన. లాండ్రీ వ్యాను తోలే అతను. నిన్న పిల్లని ఇంటికి తెచ్చి దింపింది ఇతనే. నన్ను చూసి లేవబోయి, మీటరుగారి వైపు చూసి మళ్ళీ కూర్చున్నాడు.

"సార్, ఇస్త్రీ గదిలో ఫ్యాను..." అన్నాను.

మీటరుగారు గ్లాసు కింద పెట్టాడు. "విన్నారా? ఫ్యాను సంగతి వీధుల్లోకి పాకిపోయింది. కూర్చోమ్మా. ఆ ఫ్యాను గురించి తెలియాలంటే నేనెక్కడ మొదలుపెట్టానో తెలియాలి."

"సార్, ఈవిడ..." అన్నాడు వ్యాను అతను.

"ఆగవోయ్. ఆవిడే వింటానంటుంటే నీకేం?"

"ఒక్క మాటేనండీ" అన్నాను.

"మా మీటరుగారి దగ్గర ఒక్క మాట అంటూ ఉండదమ్మా, చిల్లరగా అమ్మరు" అన్నాడు చెప్పుల షాపాయన. ఆయన షాపులో బేరాల్లేవు కాబోలు, కాళ్ళు చాపుకుని హాయిగా ఉన్నాడు.

కూర్చున్నాను.

"మొదలైంది ఎక్కడంటే, మా వంటింటి కుళాయి దగ్గర. పొద్దున్నే పేపరు చూసుకుంటుంటే టప్పు టప్పుమని ఒకటే చప్పుడు. ఇంకొకడైతే ప్లంబరుకి ఫోను చేస్తాడు, వాడు రేపొస్తానంటాడు, ఆ రేపు మన జన్మలో రాదు. నేనలా కాదు. ఆ చుక్కల కింద చెంబు పెట్టా, పేపరు చదవడం పూర్తయ్యేసరికి చెంబు నిండింది. ఇక ఊరుకుంటానా, కుళాయి విప్పేశా, లోపల వాషరు అరిగిపోయి ఉంది, పాత సైకిలు ట్యూబు ముక్కని గుండ్రంగా కత్తిరించి పెట్టి బిగించా. అంతే. ఆ తర్వాత చుక్క పడితే ఒట్టు."

"అది బాగుంది. మా కుళాయి కూడా కారుతోంది" అన్నాడు టీ కొట్టాయన.

బాగానే ఉంది. మా ఇంట్లోనూ అలాగే చేసుకున్నాం. ఎవరికీ చెప్పుకోలేదు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ చుక్క ఆగేసరికి నాకు ఇల్లంతా కొత్తగా కనపడ్డం మొదలుపెట్టింది. ఫ్లష్ ట్యాంకు మూత తీశా, సీసాలో నీళ్ళు నింపి బిరడా బిగించి అందులో పడుకోబెట్టా, ఇక లాగిన ప్రతిసారీ సీసాడు నీళ్ళు మిగులు. కూరలు కడిగిన నీళ్ళు మొక్కలకి. పళ్ళు తోముకుంటున్నంతసేపూ కుళాయి కట్టేసి ఉండాలి. టీవీ రిమోటుతో ఆపితే ఆగినట్టు కాదు, ఆ ఎర్ర చుక్క వెలుగుతూనే ఉంటుంది, గోడ దగ్గర స్విచ్చు నొక్కాలి. ఛార్జరు ఊరికే వేలాడకూడదు. మిషను నిండితే తప్ప బట్టలు వెయ్యకూడదు. ఇస్త్రీ పెట్టె ఒకసారి వేడెక్కిందంటే ఇంటిల్లిపాది బట్టలూ అయిపోవాలి. పగలు కర్టెను తీస్తే వచ్చే వెలుతురికి బిల్లు ఎవడేస్తాడయ్యా? ఇలా చేసుకుంటూ పోతే నెల తిరిగేసరికి మా మీటరు పరుగు మానేసి నడవడం మొదలుపెట్టింది. ఆ పై నెల కుంటింది. ఆ పై నెల గోడకి చేరబడి ఊపిరి తీసుకుని, మళ్ళీ ఓ అడుగు."

"పాపం, డాక్టరుకి చూపించారా?" అన్నాడు చెప్పుల షాపాయన.

"నవ్వండి, నవ్వండి. ఫ్రిజ్జు సంగతి వింటే నవ్వలేరు. ఫ్రిజ్జు తలుపు తీసిన ప్రతిసారీ లోపలి చల్లదనం బయటికి పారిపోతుంది, అది అందరికీ తెలిసిందే, మరి ఏం చెయ్యాలి? తలుపు తీసినట్టు చల్లదనానికి తెలియకూడదు. అదీ కిటుకు. మా ఆవిడకి నేనే నేర్పించా. ముందు ఫ్రిజ్జు ఎదురుగా కళ్ళు మూసుకుని నిలబడాలి, ఏది ఎక్కడుందో మనసులో అనుకోవాలి, అప్పుడు చప్పున తీసి, చప్పున పట్టి, చప్పున మూసెయ్యాలి. మొదట్లో పాలకి బదులు పచ్చడి సీసా వచ్చేది, ఏం చేస్తాం, ఆ రోజు టీ మానేసేవాళ్ళం. ఇప్పుడెంత వేగం వచ్చిందంటే, తలుపు తెరుచుకోవడం మీ కంటికి కనపడదు. చేతిలో పాలుంటాయంతే."

"ఆవిడ చెయ్యి ఎప్పుడూ పడలేదా తలుపులో?" అన్నాడు చెప్పుల షాపాయన.

"ఒకసారి. వేలు. అదేం పెద్దది కాదులే. అసలు సంగతి బల్బులు. మీకెవరికీ తెలియని ముక్క ఒకటి చెప్తా. బల్బు ఆపేశాక కూడా గోడకి కాసేపు వెలుగు అంటుకుని ఉంటుంది. ఎవడూ పట్టించుకోడు. నేను పట్టించుకున్నా. బల్బు వేసి, గది నిండా వెలుగు పట్టించి, టక్కున ఆపేస్తే, ఆ మిగిలిన వెలుగులో మా ఆవిడ కూరగాయలన్నీ తరిగేస్తుంది."

"వేళ్ళు?" అన్నాడు టీ కొట్టాయన.

"ఉన్నాయి. ఎక్కువభాగం ఉన్నాయి."

చెప్పుల షాపాయన తొడ మీద కొట్టుకుని నవ్వాడు. మీటరుగారు కూడా నవ్వాడు. వ్యాను అతను నేల చూస్తున్నాడు.

నేను రోడ్డు అవతలికి చూశాను. లాండ్రీ గోడ మీద గుండ్రటి రంధ్రం. అందులో రెక్కలు. దుమ్ము పట్టి ఉన్నాయి.

"సార్, టైమవుతోంది" అన్నాను.

"వస్తున్నానమ్మా, ఫ్యాను దగ్గరికే వస్తున్నా. నీళ్ళు దాటకుండా ఫ్యాను దగ్గరికెలా వస్తా? మా ఇంట్లో నలుగురం. రోజు మొత్తానికి ఎన్ని నీళ్ళు వాడతామో చెప్పుకోండి చూద్దాం. ఒక్క బకెట్టు. ఎలాగంటారా? పొద్దున్నే నేను స్నానం చేస్తా, టబ్బులో నిలబడి. ఆ టబ్బులో పడ్డ నీళ్ళతో పిల్లల బట్టలు నానతాయి. ఆ బట్టలు పిండిన నీళ్ళతో ఇల్లు తుడుపు. తుడిచిన నీళ్ళు వడగట్టి మరుగుదొడ్డికి. అందులోంచి మిగుల్చుకున్నవి మేడ మీద మొక్కలకి. ఆ కుండీల అడుగున కారినవి మళ్ళీ బకెట్లోకి."

"ఇన్నిసార్లు ఆ బకెట్టు మోసేదెవరండీ? మేడ మీదికీ కిందికీ?" అన్నాడు టీ కొట్టాయన.

"ఎవరు మోస్తారయ్యా, మా ఆవిడే. జిమ్ముకి పంపించక్కర్లేదు, ఆ కరెంటు కూడా మిగిలినట్టే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇది మాత్రం నేనూ నమ్మలేదు. సాయంత్రం బకెట్టు చూస్తే, పొద్దున ఎంతుందో అంతకన్నా నీళ్ళు ఎక్కువున్నాయి. మర్నాడు చూశా, ఇంకా ఎక్కువ. వారానికి బకెట్టు చాలక డ్రమ్ము కొన్నా."

"ఆ ఎక్కువైంది మీ ఆవిడ చెమటేమో చూసుకున్నారా?" అన్నాడు టీ కొట్టాయన.

అందరూ నవ్వారు. నాకు ఒక్కక్షణం ఆ ఇల్లాలు కళ్ళకి కట్టింది. మెట్ల మీద, బకెట్టుతో, కట్టు కట్టుకున్న వేలితో.

"ఏదైనా నీళ్ళు నీళ్ళేనయ్యా. సరే, ఆ డ్రమ్ము సంగతి వీధంతా పాకింది. కుళాయి రాని రోజున జనం బిందెలతో మా గుమ్మం ముందు బారులు తీరారు. నీళ్ళ ఆఫీసు నుంచి మనుషులొచ్చారు, మా పెరట్లో గొట్టం దింపి చూశారు, చూస్తే ఏముంది, ఊరు మొత్తం కిందున్న నీళ్ళన్నీ మా ఇంటి కిందికి చేరి కూర్చున్నాయి. ఎందుకంటే, ఇక్కడైతే మర్యాద ఉందట. వృథా చెయ్యరట. ఇక కరెంటు వాళ్ళు. మీటరు చదివే కుర్రాడు వచ్చి చూసి గుడ్లు తేలేశాడు. మీటరు వెనక్కి తిరుగుతోంది. నా కళ్ళముందే, గడియారం ముల్లు ఎదురు తిరిగినట్టు. ఆ కుర్రాడు ఏడ్చేశాడు, సార్, ఇలాగైతే కంపెనీయే మీకు బాకీ పడుతుంది, మా ఉద్యోగాలు పోతాయి, పిల్లలుగలవాణ్ణి అని. పోనీలే అని జాలిపడి ఓ బల్బు వేశా. అయినా ఆగలేదు. పెద్దింజనీరు తనే బూట్లు చేత్తో పట్టుకుని వచ్చాడు."

"బూట్లెందుకు చేత్తో?" అన్నాడు చెప్పుల షాపాయన.

"గౌరవమయ్యా. అయ్యా, మీరు వాడకుండా మిగిల్చిన కరెంటు తీగల్లో ఇరుక్కుపోయింది, ఎటూ పోలేక గుండ్రంగా తిరుగుతోంది, దయచేసి రోజుకి ఓ గంటైనా ఏదో ఒకటి వాడండి అని బతిమాలాడు. నేనన్నా, ఇంట్లో కుదరదు, కావాలంటే మా వీధి దీపాలకి పెట్టుకోండని. మీరెప్పుడైనా గమనించారా, మా వీధి దీపాలు మిగతా వీధుల కంటే కాస్త తెల్లగా ఉంటాయి. అది మా ఇంటి కరెంటు."

"మొన్నంతా ఆ వీధి చీకటే" అన్నాడు వ్యాను అతను, మెల్లగా.

"మొన్న మేం ఊళ్ళో లేం" అన్నాడు మీటరుగారు.

తడుముకోలేదు. నేను ఆయన మొహం వైపే చూస్తున్నాను. అబద్ధమాడుతున్నట్టు లేదు. అందుకే భయమేసింది. చెప్తూ చెప్తూ ఆయనే నమ్మేస్తున్నాడు.

"సార్. ఫ్యాను."

"ఇదిగో, వచ్చేశాం. మా ఓనరు చెవిన పడింది ఇదంతా. పిలిచాడు. చూడవయ్యా, ఇంటిని ఇలా చేసినవాడివి, లాండ్రీని ఏం చేస్తావో చెయ్యి, నీ చేతిలో పెట్టేస్తున్నానన్నాడు. నేను లోపలికెళ్ళా. మిషన్లన్నీ నన్ను చూసి ఒక్కసారి గొంతు తగ్గించాయి. మొదట నీళ్ళు. ఆఖరిసారి జాడించిన నీళ్ళు తేటగా ఉంటాయా, వాటిని మోరీలోకి వదలడం పాపం, మర్నాటి మొదటి ఉతుక్కి పట్టి ఉంచా. మిషను సగం నింపి తిప్పడం బందు. ఖాళీ గదుల్లో దీపాలు బందు."

ఇదీ మంచిదే. పిల్ల కూడా మెచ్చుకుంది అప్పట్లో.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ జాడించిన నీళ్ళు తిరిగి తిరిగి ఎంత అనుభవం సంపాదించాయంటే, సబ్బు అక్కర్లేకుండా పోయింది. దుప్పటి చూపిస్తే చాలు, మరక ఎక్కడుందో నీళ్ళే వెతుక్కుంటూ వెళ్ళేవి. హోటలు దుప్పటి ఏదో, ఆస్పత్రి దుప్పటి ఏదో నీళ్ళే విడదీసి రెండు కుప్పలు పోసేవి. సరే, అప్పుడు ఇస్త్రీ గదిలోకి అడుగుపెట్టా. ఏం చూశాను? గోడకి ఓ ఫ్యాను. గిర్రున తిరుగుతోంది. ఏం చేస్తోందయ్యా అది? మనం డబ్బు పోసి, కరెంటు కాల్చి, ప్రెస్సులు వేడి చేస్తే, ఆ వేడిని పట్టుకెళ్ళి రోడ్డు మీద పారబోస్తోంది. దానికి మళ్ళీ ఇంకో కరెంటు. ఇంట్లో దొంగని పెట్టుకుని వాడికి జీతమిస్తున్నట్టు. నా కడుపు రగిలిపోయింది. ఆపేశా. ఆపడమే కాదు, స్విచ్చు పెట్టెకి తాళం వేశా."

"ఆవిరి బయటికెలా పోతుందండీ మరి?" అన్నాడు టీ కొట్టాయన.

"ఎందుకు పోవాలి? అక్కడే ఉంది నా బుర్ర. ఆరబెట్టే మిషను కూడా ఆపేశా. తడి దుప్పట్లన్నీ తెచ్చి ఆ ఇస్త్రీ గదిలోనే తాళ్ళు కట్టి వేలాడదీయించా. ప్రెస్సుల వేడికి వాటంతటవే ఆరిపోతాయి, ఊరికే. ఒకే వేడి, రెండు పనులు. ఓనరు నన్ను కావలించుకున్నాడు."

టీ కొట్టాయన స్టవ్వు తగ్గించాడు. "అంటే ఆ తడంతా ఆ గదిలోనే..."

"వేడిగా ఉంటుందనుకుంటున్నావు కదూ? అందరూ అదే అనుకుంటారు. కూజాకి తడిగుడ్డ చుడితే లోపల నీళ్ళు ఏమవుతాయి? చల్లబడతాయా లేదా? ఇక్కడ గదికి గదే తడిగుడ్డ. మొదటి వారం హాయిగా పిల్లగాలిలా ఉండేది. రెండో వారం ఆడపిల్లలు స్వెట్టర్లు తెచ్చుకున్నారు. ఆ తర్వాత మాట్లాడితే నోట్లోంచి పొగ. పాలవాడు వచ్చి, సార్, నా పాలు విరిగిపోతున్నాయి, ఓ మూల పెట్టుకోనిస్తారా అన్నాడు. హోటలు మేనేజరు దుప్పట్లు తీసుకెళ్ళడానికొచ్చి, ఆ గదిలో కాసేపు నిలబడి, మా హోటల్లో ఇంత మంచి ఏసీ గది లేదు, మా అతిథులకి అద్దెకిస్తారా అన్నాడు. ఒకరోజు పొద్దున తలుపు తీస్తే గోడకి మంచు. గీకితే బుట్టెడు వచ్చింది."

"మాకు కాస్త పంపాల్సింది, షర్బత్ చేసుకునేవాళ్ళం" అన్నాడు చెప్పుల షాపాయన, నవ్వు ఆపుకుంటూ.

"పంపించా. రోడ్డు దాటేసరికి కరిగింది, ఎండ కదా. అదంతా ఒక ఎత్తు, నిన్న జరిగింది ఒక ఎత్తు. నిన్న సాయంత్రం ఏమైందో తెలుసా?"

వ్యాను అతను తలెత్తాడు. "సార్, వద్దండి."

"నువ్వుండవోయ్, నువ్వే సాక్షివి. నిన్న సాయంత్రం, మూడో ప్రెస్సు దగ్గర ఒక పిల్ల. దుప్పటి అంచు పట్టుకుని నిలబడింది. ఆ చల్లదనం, ఆ తడి దుప్పట్ల నీడ, ఆ ప్రశాంతత. కళ్ళు మూతలు పడుతున్నాయి. పడుతున్నాయి. నిలబడిందల్లా నిలబడ్డట్టే నిద్రపోయింది. పసిపిల్ల ఉయ్యాల్లో వాలినట్టు అలా ప్రెస్సు మీదికి వాలిపోయింది. పక్కవాళ్ళు లేపారు, లేవదు. నీళ్ళు చల్లారు, లేవదు. నేనన్నా, వద్దర్రా లేపకండి, పాపం ఇంట్లో ఫ్యానుందో లేదో, ఇంత సుఖమైన నిద్ర మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో, అలాగే ఎత్తి, నిద్ర చెడకుండా వ్యానులో మూటల మీద పడుకోబెట్టి ఇంటికి పంపించండని. లాండ్రీల చరిత్రలో పనిచేస్తూ ఇంత హాయిగా నిద్రపోయిన మనిషి ఇంకెక్కడైనా ఉందా? చెప్పండి. ఉంటే నా మీసం తీసేస్తా."

చెప్పుల షాపాయన కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వుతున్నాడు. "జోల పాడారా లేదా?"

"పాడబోయా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"తెలుసండీ" అన్నాను. "ఆ తర్వాతది నేను చెప్తాను."

ఆయన కాస్త చిరాగ్గా నా వైపు తిరిగాడు. కథ మధ్యలో ఇంకొకరు మాట్లాడ్డం అలవాటు లేదు.

"వ్యాను మా గుమ్మం ముందు ఆగింది. ఇతను ఎత్తుకుని లోపలికి తెచ్చాడు. పిల్ల కళ్ళు తెరిచే ఉన్నాయి. నన్ను చూసింది. నేనెవరో వెంటనే తెలియలేదు దానికి. ఒళ్ళు పెనంలా ఉంది. బట్టలు మార్చి పిండితే నీళ్ళు కారాయి. మోచేతి నుంచి మణికట్టు దాకా చర్మం ఊడి, దుప్పటికి అంటుకుని వచ్చింది. ఆ దుప్పటి కూడా వ్యానులోనే ఉంది. మీ లాండ్రీదే."

వ్యాను అతను అవునన్నట్టు తలూపాడు.

"అది మా అమ్మాయండీ" అన్నాను.

చెప్పుల షాపాయన మొహం మీద నవ్వు వెంటనే పోలేదు. కాసేపు అలాగే ఉండిపోయింది, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు. తర్వాత కాళ్ళు వెనక్కి తీసుకున్నాడు.

"అయ్యయ్యో" అన్నాడు మీటరుగారు. "మరి ముందే చెప్పొద్దామ్మా? ఇంతసేపూ ఊరుకున్నావేం?"

"చెప్పబోయానండీ. అతనూ చెప్పబోయాడు."

"సరే, సరే. చూడమ్మా, ఈ కాలం పిల్లలు సరిగ్గా తినరు. ఓ టీ తాగి వచ్చేస్తారు. కళ్ళు తిరక్క ఏమవుతుంది? దానికీ గదికీ సంబంధం లేదు. గదికేం, లక్షణంగా ఉంది."

"అన్నం నేనే పెట్టి పంపాను."

"నీళ్ళు తాగి ఉండదు."

"గదిలో నీళ్ళ డబ్బా తీసేశారటండీ. మాటిమాటికీ తాగడానికి ఆగుతున్నారని."

ఆయన టీ కొట్టాయన వైపు చూశాడు. టీ కొట్టాయన చూపు కలపలేదు.

"ఇవాళ నాలుగింటికి అది మళ్ళీ వస్తోంది" అన్నాను. "ఆపితే ఆగట్లేదు. ఫ్యాను వేయించమని అడగడానికే నేను వచ్చాను. ఇందాకట్నుంచీ విన్నాను. మీరు చాలా బాగా చెప్పారు. ఒక్క పని చెయ్యండి. నాలుగింటికి ఆ గదిలోకి రండి. ప్రెస్సు పక్కన మీకు కుర్చీ వేస్తారు. ఇప్పుడు చెప్పిందంతా అక్కడ చెప్పండి. పిల్లలు పని చేసుకుంటూ వింటారు. తలుపులు వేసే ఉంటాయి. చివరిదాకా చెప్పగలిగితే ఇక ఫ్యాను అక్కర్లేదు. నేను మళ్ళీ మీ దగ్గరికి రాను."

"బాగుంది బేరం" అన్నాడు మీటరుగారు, నవ్వబోతూ. "ఆ వేడిలో కథేంటమ్మా? నోరు పిడచగట్టుకుపోదూ?"

అన్నాక గానీ ఏమన్నాడో ఆయనకి తెలియలేదు.

స్టవ్వు మీద పాలు పొంగొచ్చాయి. టీ కొట్టాయన దించాడు.

"గోడకి మంచు పట్టిందన్నారు" అన్నాడు చెప్పుల షాపాయన.

"అది... ఏదో మాట వరసకి అన్నానయ్యా. కబుర్లలో అన్నీ నిజాలే ఉంటాయా?"

"మా అమ్మాయి మీ కబుర్లలోకి వెళ్ళట్లేదండీ" అన్నాను. "ఆ గదిలోకి వెళ్తోంది."

ఆయన లేచాడు. చొక్కా సర్దుకున్నాడు. "ఓనరుతో మాట్లాడాలి. చూద్దాంలే" అన్నాడు. ఆ 'చూద్దాంలే' నాకు తెలుసు. ఇంటి ఓనరు దగ్గర, రేషను షాపు దగ్గర, బడిలో, అన్ని చోట్లా విన్నదే. చూడరు.

గేటు దగ్గరికి ఆడపిల్లలు ఒక్కొక్కరే చేరుతున్నారు. మా అమ్మాయి కూడా వస్తోంది. ఈ ఎండలో పొడుగు చేతుల జాకెట్టు వేసుకుంది, కట్టు కనపడకుండా. కట్టు కనపడితే లోపలికి రానివ్వరని.

రోడ్డు దాటి దాని ఎదురుగా నిలబడ్డాను.

"నువ్వు ఇంటికెళ్ళు. ఇవాళ నేను నిలబడతాను."

"నీకు ప్రెస్సు పని రాదమ్మా."

"నిలబడ్డానికి ఏం రావాలే?"

"అమ్మా, గొడవ చెయ్యకు. రేపు నన్ను..."

"గొడవేం లేదు. వెళ్ళు."

అది వెళ్ళలేదు. గేటు పక్కన గోడకి ఆనుకుని నిలబడింది. నేను మిగతా పిల్లలతో కలిసి లోపలికి నడిచాను. మీటరుగారు అడ్డం రాబోయాడు. ఆయన వెనకాల, రోడ్డు దాటి, టీ కొట్టాయన నిలబడి ఉన్నాడు. చెప్పుల షాపాయన. వ్యాను అతను. ఆయన వాళ్ళని చూసి పక్కకి తప్పుకుని మా వెనకే వచ్చాడు. ఆ ముగ్గురూ ఆయన వెనకాలే.

ఇస్త్రీ గది తలుపు తీయగానే మొహానికి వేడి గుడ్డ కప్పినట్టయింది. ఆ చివర గోడ కనపడలేదు. అన్నీ దుప్పట్లే, వేలాడుతూ, చుక్కలు కారుతూ. నేల తడి. పీల్చిన గాలి గొంతులో అడ్డం పడింది. పిల్లలు మాట్లాడకుండా ఎవరి ప్రెస్సు దగ్గరికి వాళ్ళు వెళ్ళారు. మూడో ప్రెస్సు ఏదో నాకు చూపించారు. అప్పటికే నా జాకెట్టు వీపుకి అతుక్కుంది.

నేను దుప్పటి అంచు పట్టుకోలేదు. తలుపు వైపు తిరిగాను.

"రండి సార్" అన్నాను.

"సార్ కథ చెప్తారట" అంది ఒక పిల్ల ఇంకో పిల్లతో. "అంతా విన్నాకే పని మొదలుపెట్టాలట." దారిలో కథ సంగతి చెప్పింది నేనే, రెండో మాట నేననలేదు. కానీ ఎవరూ ప్రెస్సు దించలేదు. అందరూ అలాగే నిలబడి ఆయన వైపు చూశారు. ఎవరి మొహంలోనూ కోపం లేదు. వినడానికి నిలబడ్డట్టే ఉన్నారు.

మీటరుగారు గుమ్మం బయట చేతిరుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. ఏదో అనబోయాడు. లోపలి ఆవిరి మొహాన కొట్టేసరికి దగ్గొచ్చింది. అక్కడే ఆగాడు. ఒక పిల్ల కుర్చీ తెచ్చి గుమ్మం లోపల వేసింది, ఆయనకి అడుగు దూరంలో.

చివరికి ఆయన జేబులోంచి తాళంచెవి తీసి, తలుపు పక్కనున్న పెట్టె తెరిచాడు. ఫ్యాను మొరాయించి, మూలిగి, ఇన్నాళ్ళ దుమ్మునంతా కిందున్న దుప్పటి మీద రాల్చి, తిరిగింది. దుప్పట్లు కదిలాయి. పిల్లలు ప్రెస్సులు దించారు.

రేపు మళ్ళీ ఆపుతాడేమో తెలియదు. పిల్ల చేతి మీద మచ్చ మాత్రం ఉంటుంది. ఆపినా, ఆపకపోయినా.

ఆయన చెయ్యి ఇంకా స్విచ్చు మీదే ఉంది. గొంతు సవరించుకున్నాడు. వెనకాల నిలబడ్డ వాళ్ళకి వినపడేలా అన్నాడు: "నేనుండబట్టి సరిపోయింది. ఇంకొకడైతే ఈ పిల్లల్ని ఈ గదిలో చంపేసేవాడు."

"మీరు ఇంకా గుమ్మం బయటే ఉన్నారండీ" అన్నాను.